జెర్సీ రంగు సరే, గ్రౌండ్ సంగతేంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో ఒక పల్లెటూరి క్రికెట్ టోర్నమెంట్ ఫోటో వేసినారు చూడండి, రెండు టీములోళ్లు వరసగా నిలబడి, ఒకరిది నేవీ బ్లూ ఇంకొకరిది ఆరెంజ్, కింద జెర్సీలు బాగున్నాయని ఒక ముక్క కూడా రాసినారు. చానా సంతోషం, ఎందుకంటే ఆ జెర్సీలు ప్రింట్ కొట్టింది నేనే. అనంతపురంలో టవర్ క్లాక్‌కు దగ్గర్లో చిన్న షాపు నాది, పదేండ్లుగా ఇదే పని. కానీ ఆ ఫోటోను మీవాళ్లు మోకాళ్ల కాడ కట్ చేసినారు, కింద నేల కనపడలే. నేను రాసేది ఆ నేల గురించే. నేరుగా చెప్తే ఏదో ఊరి గొడవ అనుకుంటారు కాబట్టి అమెరికా కాడ మొదలుపెడతా, కొంచెం ఓపిక పట్టల్ల మీరు.

మా ఇంటి పిల్లోళ్లు ఇద్దరు అమెరికాలో ఉన్నారు. మా అక్క కొడుకు డల్లాస్‌లో, మా అన్న కొడుకు ఫిలడెల్ఫియా పక్కన. ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఒకే బ్యాటుతో ఆడుకున్నోళ్లు, అక్కడికి పోయినాక ఒకడు డల్లాస్ ఫుట్‌బాల్ టీము కౌబాయ్స్ మనిషి అయినాడు, ఇంకొకడు ఫిలడెల్ఫియా టీము ఈగల్స్ మనిషి. ఆ రెండు టీముల మధ్య ఎట్లుంటాదంటే మన కాడ ఇద్దరు హీరోల ఫ్యాన్స్ ఫ్లెక్సీల దగ్గర కొట్టుకుంటారే అట్లన్నమాట, పైగా లీగులో ఇద్దరిదీ ఒకే డివిజన్, అంటే ఒకే గుంపు, ఏడాదికి రెండుసార్లు ఎదురుపడక తప్పదు. ఫుట్‌బాల్ అంటే మీ స్పోర్ట్స్ పేజీలో పోయినసారి సూపర్ బౌల్, అంటే వాళ్ల ఫైనల్, వార్త పక్కన గుండ్రటి బంతి బొమ్మ వేసినారు, అది కాదు సార్. ఇది రెండు కొసలూ మొనదేలిన బంతిని చంకలో పెట్టుకోని పరిగెత్తే ఆట, ఒక్కో పక్క పదకొండు మంది, నెత్తికి హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు, ఎన్ఎఫ్ఎల్ అనే వాళ్ల లీగులో మొత్తం 32 టీములు. మన కబడ్డీని బంతితో వంద గజాల గ్రౌండ్‌లో ఆడినట్టు ఉంటాది అని నేనంటా, మా డల్లాస్ మేనల్లుడు మాత్రం ఈ మాట ఒప్పుకోడు.

2024 సంక్రాంతికి ఇద్దరూ ఒకేసారి ఊరికొచ్చినారు, సరిగ్గా అప్పుడే అక్కడ ప్లేఆఫ్ మ్యాచులు. భోగి రోజు తెల్లార్నే వీధిలో మంట వేసుకోని చలి కాచుకుంటా ఫోన్ చూస్తావుంటే అందులో కాన్సాస్ సిటీలో మయామీ వాళ్లతో మ్యాచ్, అక్కడ మైనస్ 20 డిగ్రీలు. మహోమ్స్ అని కాన్సాస్ వాళ్ల క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే నాయకుడు, ఇంకొకడికి గుద్దుకుంటే హెల్మెట్ నుంచి ఒక ముక్క గోడ పెచ్చు ఊడినట్టు ఊడిపోయింది. మా అమ్మ మంట దగ్గర నుంచి తొంగి చూసి "వాళ్లకు ఇండ్లు వాకిండ్లు లేవేమిరా, ఆ మంచులో ఏం పని" అనింది. మరుసటి రోజు సంక్రాంతి, రాత్రి 3 గంటలకే డల్లాసోడు లేచి కూర్చున్నాడు, ప్యాకర్స్ వాళ్లొచ్చి డల్లాస్ సొంత గ్రౌండ్‌లోనే 48-32 కొట్టిపోయినారు. ఆ పొద్దు ఫిలడెల్ఫియావోడు ఓళిగలు రెండు ఎక్కువ తిన్నాడు. కనుమ పొద్దున టాంపా వాళ్లు ఈగల్స్‌ను 32-9 కొట్టినారు, మిగిలిన ఓళిగలు డల్లాసోడు తిన్నాడు.

ఇంక ఇద్దరికీ గెలుపు గురించి మాట్లాడేదానికి ఏమీ లేదు కదా, మధ్యాహ్నం నా షాపుకొచ్చి బట్ట తానుల మీద కూర్చోని జెర్సీల మీద పడినారు. అర్జెంట్ ఆర్డర్ ఒకటుంటే నేను పండగ పూట కూడా తెరిచినా.

"ఏం చిన్నాయనా, సొంత గ్రౌండ్‌లో ఎవరన్నా తెల్ల జెర్సీ వేస్తారా" అని మొదలుపెట్టినాడు మా అన్న కొడుకు. ఆ లీగులో చానా టీములు సొంతూర్లో ముదురు రంగు వేస్తాయి, బయటి నుంచి వచ్చినోళ్లకు తెలుపు. కౌబాయ్స్ మాత్రం 1964 నుంచి ఇంట్లోనే తెలుపు వేస్తావున్నారు. అప్పటి వాళ్ల మేనేజర్ టెక్స్ ష్రామ్ ఆలోచన అది, వచ్చే ప్రతి టీమూ వాళ్ల వాళ్ల రంగులో వస్తే టికెట్ కొన్న జనానికి ప్రతి మ్యాచుకూ ఒక కొత్త రంగు కనపడతాది అని. వ్యాపారం చేసేవోడిగా నాకు ఆ బుర్ర చానా నచ్చింది. దాంతో జరిగిందేమంటే, నీలం జెర్సీ వేసుకుంటే కౌబాయ్స్‌కు అచ్చిరాదని జనం అనుకునే కాడికి వచ్చింది. మన వాళ్లే అనుకుంటాం గానీ శకునాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి.

మయామీ వాళ్లు కూడా ఇంట్లో తెలుపే వేస్తారు గానీ వాళ్లది ఎండ లెక్క. సెప్టెంబర్ ఉక్కలో తాము తెలుపు వేసుకుంటే వచ్చినోళ్లు ముదురు రంగు వేసుకోక తప్పదు, దానికి తోడు వాళ్ల స్టేడియం కప్పు నీడ సొంత టీము బెంచీ మీద పడతాది, అవతలి టీము ఎదురుగా ఎండలో మాడతా ఉంటాది. ఇది విన్నాక నేను ఏప్రిల్లో నల్ల జెర్సీ అడిగే ప్రతి పిల్లోడికీ చెప్తావుంటా, ఒరేయ్ ఇది డాట్ నిట్ పాలిస్టర్, నలుపు, మీ మ్యాచ్ పన్నెండు గంటలకు, మీకు అవతలి టీము అక్కర్లేదు జెర్సీయే కొడతాది అని. వినరు. ఫోన్‌లో ఏదో ఒక టీము బొమ్మ చూపిస్తారు, అన్నా ఇదే కావల్ల అంటారు.

రంగుల గురించి నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది వాళ్లు చెప్పిన ఇంకో మ్యాచు. 2015 నవంబర్లో, టీవీలో ముచ్చటగా ఉంటాదని, ఒక్కో టీముకు జెర్సీ నుంచి సాక్సుల దాకా ఒకే రంగు ఇచ్చినారంట. బఫెలో బిల్స్ మొత్తం ఎరుపు, న్యూయార్క్ జెట్స్ మొత్తం ఆకుపచ్చ. ఎరుపూ పచ్చా తేడా తెలియని వాళ్లు మగోళ్లలో కొంతమంది ఉంటారు కదా, వాళ్లందరికీ గ్రౌండ్‌లో ఇరవై రెండు మందీ ఒకే టీము మాదిరి కనపడినారు. అంత పెద్ద లీగు, అంత డబ్బు, ఒక్కరికీ తట్టలేదు చూడండి. ఇది విని నాకు చెమటలు పట్టినాయి, ఎందుకంటే అంతకు ముందు ఏడాది నేనే ఒక కబడ్డీ పోటీకి ఒక ఊరికి మెరూన్, ఇంకో ఊరికి ముదురు పచ్చ వేసిచ్చినా. స్కోరు రాసే పీఈటీ సార్ సగం మ్యాచ్ అయినాక నాకు ఫోన్ చేసి "ఏమప్పా, రెండు జట్లకూ ఒకే బట్ట కొట్టిచ్చినావే, కక్కుర్తి పడినావా" అని తిట్టినాడు. నేను ఆయనకేమన్నా మతి పోయిందేమో అనుకున్నా. పాపం ఆయనకు కనపడలేదని అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు రెండు టీముల ఆర్డర్ ఒకేసారి వస్తే ఒకటి లేత రంగు ఒకటి ముదురు రంగు అని పట్టుబడతా.

ఇంకా చానా చెప్పినారు. డెన్వర్ టీముకు మొదట్లో నిలువు గీతల సాక్సులు ఉండేవంట, ఎంత అసహ్యంగా ఉండేవంటే 1962లో జనం ముందర కుప్ప పోసి కాల్చేసినారు, పక్కా భోగి మంటే. టాంపా వాళ్లు 1976లో ఆరెంజ్ రంగుతో పుట్టి మొదటి 26 మ్యాచులూ వరసగా ఓడిపోయినారు, ఆ రంగు చూస్తేనే నవ్వేవాళ్లు, 1997లో తీసేసినారు, మళ్లీ 2023లో పాత జ్ఞాపకం అని ఒక మ్యాచుకు వేస్తే జనం ఎగబడినారు. ఓడిపోయిన రంగు కూడా పాతబడితే ముద్దొస్తాది. మీరు ఫోటో వేసిన ఆరెంజ్ జెర్సీ కూడా ఆ బొమ్మ చూపించి కొట్టించుకున్నదే, చెప్పకూడదు గానీ వాళ్లు కూడా ఓడిపోయినారు.

అట్ల రెండు గంటలు కొట్లాడుకున్నాక నేను హీట్ ప్రెస్ ఆపి అడిగినా, రంగు సంగతి సరేరా, కింద నేల ఎట్లుంటాది మీ కాడ అని. ఇద్దరూ ఒక్కసారిగా గమ్మునైపోయి, తర్వాత ఇద్దరూ ఒకే మాట మీదికొచ్చినారు, ఆ పొద్దు మొత్తం మీద వాళ్లు ఒప్పుకున్నది అదొక్కటే. అక్కడి ఫ్యాన్స్ జెర్సీల మీద చేసేది సరదా కొట్లాట, గ్రౌండ్ మీద చేసేది నిజం కొట్లాట.

అసలు గడ్డా ప్లాస్టిక్ గడ్డా అనే ఈ కొట్లాట మొదలైంది హ్యూస్టన్‌లో. 1965లో ఆస్ట్రోడోమ్ అని పైన కప్పేసిన పెద్ద స్టేడియం కట్టినారు, గడ్డికి వెలుతురు రావల్లని కప్పుకు అద్దాల మాదిరి పలకలు పెట్టినారు. ఆ వెలుగుకు పైకి లేచిన బంతి కనపడక బేస్‌బాల్ ఆడేవాళ్లు మొత్తుకుంటే పలకలకు రంగు పూసినారు. రంగు పూస్తే గడ్డి చచ్చిపోయింది. గడ్డి చస్తే 1966లో ప్లాస్టిక్ గడ్డి పరిచినారు. ఒక తప్పును కప్పేదానికి ఇంకొకటి, దాని మీద ఇంకొకటి. ఇప్పుడు ఆ లీగు స్టేడియాల్లో దగ్గర దగ్గర సగం ప్లాస్టిక్‌వే, చానా వాటిల్లో పోగుల మధ్యన పాత టైర్ల గుండ పోస్తారు. మన ఊర్లో కూడా బాక్స్ క్రికెట్ టర్ఫులు వచ్చినాయి కదా, ఏప్రిల్ మధ్యాహ్నం ఒకసారి చెప్పులిడిచి దాని మీద నిలబడి చూడండి, పెనం మీద దోసె ఎట్లుంటాదో అర్థమైతాది.

2023 సెప్టెంబర్ 11న ఆరన్ రోడ్జర్స్ అని పెద్ద ఆటగాడు, జెట్స్ టీములో చేరి మొదటి మ్యాచు, నాలుగో బంతికే మడమ వెనకాల నరం తెగి కూర్చుండిపోయినాడు. ఆ స్టేడియంలో ప్లాస్టిక్ నేలే. నేల వల్లే తెగిందా అనేది ఎవరూ తేల్చి చెప్పలేరు గానీ ఆటగాళ్ల యూనియన్ మాత్రం మాకు అన్ని చోట్లా అసలు గడ్డే కావల్ల అని గట్టిగా పట్టుకుంది. అదే స్టేడియంలో 2026 సాకర్ వరల్డ్ కప్ అనేసరికి, అసలు గడ్డి ఉంటేనే ఆడతాం అని ఫీఫా అంటే గడ్డికి ఒప్పుకున్నారు. బయటోళ్ల కోసం పరిచే గడ్డి ఇంటోళ్ల కోసం ఎందుకు పరచరు అని మా అన్న కొడుకు మంట.

అట్లని గడ్డి అయితే చాలా అంటే అదీ కాదు. 2023 ఫిబ్రవరి సూపర్ బౌల్ అరిజోనాలో, అసలు గడ్డే, పెద్ద ట్రేలో పెంచి పగలు బయటికి తోసి ఎండ తగిలించి మళ్లీ లోపలికి లాగుతారు, అంత మర్యాద. మ్యాచ్ రోజు చూస్తే ఆటగాళ్లు అరటి తొక్క తొక్కినట్టు జారిపోయినారు, సగంలో బూట్లు మార్చుకున్నారు. ఈగల్స్ కాన్సాస్ సిటీ చేతిలో 38-35తో ఓడిపోయింది, మావోడు ఇప్పటికీ కాన్సాస్ వాళ్లు గెలవలేదు గడ్డి గెలిచింది అంటాడు. జారింది రెండు టీములూ కదరా అంటే మాట్లాడడు.

డల్లాసోడి బాధ వేరే. వాళ్ల స్టేడియం తూర్పు పడమర కట్టినారు, పడమటి పక్క పెద్ద అద్దాలు. సాయంత్రం ఎండ నేరుగా కండ్లలో పడతాది. మన కాడ పిచ్ వేసేటప్పుడు ఉత్తరం దక్షిణం చూసే వేస్తారు, బడిలో ఆడే పిల్లోడికి కూడా తెలుసు. ఆ తర్వాత 2024 నవంబర్లో ఈగల్స్‌తో మ్యాచులో వాళ్ల ఆటగాడు సీడీ ల్యాంబ్ చేతికి రావాల్సిన టచ్‌డౌన్ బంతి, అంటే పాయింట్లు తెచ్చే బంతి, ఆ ఎండలో కనపడకుండా పోయింది, 34-6తో ఓడిపోయినారు, కర్టెన్లు వేయండి మహాప్రభో అన్నా ఓనర్ జెర్రీ జోన్స్ ఒప్పుకోలే. బఫెలోలో ఇంకో రకం, మేము పండగ చేసుకున్న ఆ సంక్రాంతికే మంచు పడి మ్యాచ్ ఒకరోజు వాయిదా వేసి, గంటకు 20 డాలర్లు ఇస్తాం పారలు పట్టుకోండి అని ఊరోళ్లను పిలిచినారు. ఊరోళ్లు పోయినారు. నాకు ఈ కథలన్నిట్లో అదే నచ్చింది.

ఇంక మన కథకొస్తా. మీరు వేసిన ఆ టోర్నమెంటుకు జెర్సీ 280 రూపాయల లెక్కన 30 కొట్టిచ్చినా, నంబర్లు, పేర్లు, వెనకాల స్పాన్సర్ బొమ్మ. డీజే పెట్టినారు, ఆర్చి కట్టినారు, నా నడుము ఎత్తు కప్పు తెచ్చినారు. గ్రౌండ్ మాత్రం ఉత్త గరుసు నేల, అందులో బొగడ రాళ్లు, ఒక పక్క కంప చెట్లు అట్లే ఉన్నాయి. మ్యాచ్ అయిన మరుసటి రోజు 7 నంబర్ పిల్లోడు నా షాపుకొచ్చినాడు, మోచేతికి కట్టు, రెండో చేతిలో కవరు. బౌండరీ కాడ బంతికి దూకినాడంట. కవర్లో జెర్సీ తీసి చూస్తే కుడిచేతి పక్క మణికట్టు నుంచి మోచెయ్యి దాకా చీలిపోయింది, బట్ట దారాల్లో చిన్న చిన్న ఎర్ర రాళ్లు ఇంకా ఇరుక్కోనే ఉన్నాయి, రక్తం ఎండి గట్టిపడింది. "అన్నా, ఫైనల్ వచ్చే ఆదివారం, చెయ్యి మారుస్తావా" అని అడిగినాడు. వాడు అడిగింది జెర్సీ చెయ్యి గురించి సార్.

ట్రాక్టర్‌కు బ్లేడు కట్టి ఒక పూట తోలి, రాళ్లు ఏరించి, రెండు ట్యాంకర్ల నీళ్లు కొట్టి రోలర్ తిప్పితే నాకిచ్చిన జెర్సీల డబ్బులో సగం కూడా కాదు. నీళ్లు లేని జిల్లా, గడ్డి యాడ నుంచి వస్తాదప్పా అంటారు. మరి ఇదే అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ గ్రౌండ్‌లో 2024 సెప్టెంబర్లో దులీప్ ట్రోఫీ ఆడించినారు కదా, టీవీలో చూసినోళ్లకు తెలుసు. అంత అడగలేదు నేను, రాళ్లు ఏరమంటున్నా.

కాబట్టి ఎడిటర్ గారూ, ఇంకమీద టోర్నమెంట్ వార్త వేసినప్పుడు ఫోటో కాళ్లదాకా ఉండేట్టు వేయండి, గ్రౌండ్ ఎట్లుందో రెండు లైన్లు మీ విలేకరినే రాయమనండి, జెర్సీల గురించి రాయకపోయినా నాకేం బాధ లేదు. ఆ ఊరి పేరు మాత్రం నన్ను అడగొద్దు, వేసవికి మళ్లీ వాళ్లే ఆర్డర్ ఇయ్యాల, ఈసారి నల్ల జెర్సీలంట.

ఇట్లు
ఒక జెర్సీల షాపాయన
అనంతపురం