క్వారీ లీజుకు ముందు ఆ రాతి కింద ఏముందో చూడండి: గనుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ తెలంగాణ గనుల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

గుహల సంగతైతే పర్యాటక శాఖకు రాసుకోవాలి గానీ నాకెందుకు అనుకుంటారేమో. గుహ బయటపడ్డాక ఆ శాఖ దగ్గరికే వెళ్తాం. బయటపడక ముందు అది మీరిచ్చే లీజు కాగితం కింద ఉంటుంది. అందుకే మీకు రాస్తున్నాను.

మాది హుజూర్‌నగర్ ప్రాంతం. ఈమధ్య నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు చూసొచ్చాం. దూరం నుంచి చూస్తే అక్కడ కొండ లేదు, గుట్ట లేదు. చదునైన చేలు, మధ్యలో బావుల్లాంటి మూడు గుంతలు, అంతే. మధ్య గుంతలోంచి మెట్లు దిగితే నల్లటి సున్నపురాతిని నీళ్లు తొలిచిన దారులు. మొత్తం 3229 మీటర్లు, అందులో సందర్శకులకు తెరిచింది సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు. గొట్టాల ద్వారా గాలి పంపిస్తున్నా లోపల చొక్కా తడిసిపోయేంత ఉక్కపోత. కోటిలింగాలు అనే చోటు దాటి పాతాళగంగ అనే పాయ దాకా వెళ్తే అక్కడ నీళ్లు ఇంకా పారుతూనే ఉన్నాయి. (మాతో వచ్చిన పిల్లలకు మాత్రం బయటి పెద్ద బుద్ధ విగ్రహమే నచ్చింది.)

నన్ను ఆలోచనలో పడేసింది ఆ గుహ చరిత్ర. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దాని గురించి రాసింది 1884లో. ఆయన, ఆయన కొడుకు అదే కాలంలో బేతంచర్ల దగ్గర బిల్లసర్గం గుహలు తవ్వితే ఖడ్గమృగం ఎముకలతో సహా ఎన్నో పాత జంతువుల ఎముకలు దొరికాయి. అంత పేరున్న మనిషి రాసినా బెలుంను దాదాపు నూరేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. చుట్టుపక్కల వాళ్లు చెత్త పోసుకున్నారు. 1982, 83లో గెబౌర్ అనే జర్మన్ గుహల పరిశోధకుడు తన బృందంతో వచ్చి కొలతలు తీస్తే గానీ లోపల ఎంతుందో తెలియలేదు. జనానికి తెరిచింది 2002లో. ఈ మధ్యలో ఎవరైనా అక్కడ పెద్ద క్వారీ పెట్టి ఉంటే మనకు మిగిలేది ఒక నీళ్ల గుంట.

మా మఠంపల్లి, మేళ్లచెరువు, దామరచర్ల వైపు ఉన్నదీ సున్నపురాయే. వాననీళ్లు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని దిగితే ఆ రాయి కొద్దికొద్దిగా కరుగుతుంది, పగుళ్లు సొరంగాలవుతాయి. కృష్ణ దాటితే పల్నాడులో గుత్తికొండ బిలం ఉంది, ముచికుందుడి కథతో ముడిపెట్టి జనం తొలి ఏకాదశికి పోతారు. నదికి ఆ ఒడ్డున కరిగిన రాయి ఈ ఒడ్డున కరగకుండా ఉంటుందా? బోరు వేస్తుంటే రాడ్డు ఉన్నట్టుండి జారిపోయిందని మా రైతులు చెప్పుకోవడం కొత్తేం కాదు. ఆ కింద గుహ ఉందని నేననడం లేదు. చూసినవాళ్లు లేరంటున్నాను.

సిమెంటు ఫ్యాక్టరీలు వద్దని ఈ లేఖ కాదు. మావైపు చాలా ఇళ్లు ఆ జీతాలతోనే నడుస్తున్నాయి. కానీ క్వారీలో పేలుడుకు ఒక బొరియ తెరుచుకుంటే ఏమవుతుంది? మట్టితో పూడ్చి పని కానిస్తారు. చెబితే పని ఆగిపోతుందని టెన్షన్. అందుకని బొరియ కనబడితే చెప్పి తీరాలన్న షరతు లీజులోనే పెట్టండి. చెప్పిన క్వారీకి నష్టం లేకుండా, ఆ మేరకు గడువు పొడిగించే ఏర్పాటు కూడా అందులోనే ఉండాలి. లేకపోతే ఆ షరతు కాగితం మీదే ఉంటుంది.

కొత్త లీజులకైతే ముందే సర్వే చేయించండి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ (జీఎస్‌ఐ) దక్షిణ ప్రాంత కార్యాలయం మన హైదరాబాద్ బండ్లగూడలోనే ఉంది. రాయి పగలగొట్టకుండా నేల కింది ఖాళీలను పసిగట్టే విద్య తెలిసినవాళ్లు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లో ఉన్నారు, అదీ ఉప్పల్ రోడ్డులోనే. గొర్రెలు కాసేవాళ్లను, బోరు బండ్లవాళ్లను వెంట తీసుకెళ్తే ఎక్కడ వెతకాలో వాళ్లే చూపిస్తారు.

ముందుగా మఠంపల్లి మండలంతో మొదలుపెట్టండి. సర్వేలో ఏమీ దొరకలేదని తేలినా ఆ నివేదికను తెలుగులో పంచాయతీ ఆఫీసుల్లో పెట్టించండి.

ఇట్లు,
హుజూర్‌నగర్ నియోజకవర్గ ఓటరు