లినక్స్ వాడుకరుల సంఘం వార్షిక నివేదిక: ఏడాదంతా కెర్నెల్ మెమరీ లోపాలతోనే

సభ్యులందరికీ నమస్కారం.

లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం కెర్నెల్. దాని మెమరీ లోపాల మీద ఒక్క ఆదివారం మాట్లాడుకుంటే చాలని కార్యవర్గం అనుకుంది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైల్‌లో కూడా రాయనిచ్చే 'డర్టీ పైప్' లోపం దగ్గరికొచ్చాక సభ్యులు ముందుకు కదలనిస్తేగా!

కథ మీకు తెలిసిందే. 2021 ఏప్రిల్‌లో వెబ్ హోస్టింగ్ పనిలో ఉన్న మాక్స్ కెల్లర్‌మాన్‌కు ఒక ఫిర్యాదు వచ్చింది, లాగ్ ఫైల్ తెరుచుకోవట్లేదని. ఆయన చేత్తో సరిచేసి మర్చిపోయారు. కొన్ని నెలలకు మళ్లీ అదే గొడవ. చూస్తే, ఫైల్ చివరి 8 బైట్లలో జిప్ ఫైళ్లలో కనిపించే 'పీకే' అక్షరాలు వచ్చి కూర్చున్నాయి.

ఆయన రాసిన రెండు చిన్న ప్రోగ్రాములను పాత కెర్నెల్ పెట్టిన వర్చువల్ మెషీన్‌లో నడిపి చూశాం. మొదటిది ఫైల్‌లో వరసగా 'ఏ'లు రాస్తుంది. రెండోది ఆ ఫైల్‌ని చదవడానికి మాత్రమే తెరిచి, పైప్‌లోకి (ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి డేటా వెళ్లే గొట్టం లాంటిది) పంపి, ఆ పైప్‌లోనే 'బీ'లు రాస్తుంది. కాసేపటికి ఫైల్‌లో 'బీ'లు! నేనే ఏదో తప్పు ఫైల్ తెరిచానని వెనక వరసలో వాళ్లు నవ్వారు. మూడుసార్లు నడిపితే గానీ నమ్మలేదు.

కారణం, పలక తుడవకుండా కొత్త పాఠం రాయడం లాంటిదే. 2016లో కెర్నెల్‌లో చేరిన కోడ్, పైప్ బఫర్‌లో (పైప్‌లోని డేటా వివరాలు ఉండే చోట) గుర్తులు పెట్టే 'ఫ్లాగ్స్' గడిని సున్నా చేయకుండా వదిలేసింది. 2020లో కెర్నెల్ 5.8 వెర్షన్ వచ్చేదాకా దానివల్ల నష్టం లేకపోయింది. ఆ వెర్షన్‌లో 'ఈ పేజీకి (మెమరీ ముక్కకి) ఇంకా కలిపి రాయొచ్చు' అనే గుర్తు కూడా ఆ గడిలోకే చేరింది. పాత గుర్తు మిగిలిపోతే కెర్నెల్ నమ్మేసి, పైప్‌లో రాసినదాన్ని మెమరీలో ఉన్న ఫైల్ పేజీలోనే రాసేస్తుంది. 2022 ఫిబ్రవరిలో 5.16.11, 5.15.25, 5.10.102లతో సరిచేశారు. సవరణ ఎంతంటే, రెండు చోట్ల ఒక్కో లైను.

ఇలాంటి తప్పులు రానివ్వని ప్రోగ్రామింగ్ భాష రస్ట్ మీద చర్చ మాత్రం తెగలేదు. మామూలు రస్ట్‌లో ఒక గడి నింపకుండా వదిలేస్తే, కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చే కంపైలరే ఒప్పుకోదు. 2022 డిసెంబర్‌లో 6.1 వెర్షన్‌తో రస్ట్ కెర్నెల్‌లోకి వచ్చింది కూడా. కానీ ఏళ్లుగా సీ భాషలో రాసి పేరుకుపోయిన కెర్నెల్ కోడ్ ఎవరు తిరగరాస్తారు? నాకైతే ఆ ఆశ లేదు.

ఇక చెప్పుకోవడానికి సిగ్గుపడే విషయం. ఈ పాఠాలన్నీ దాచుకున్న మన సంఘం సర్వర్‌లో అప్‌డేట్లు పడుతూనే ఉన్నాయి గానీ, నెలల తరబడి రీబూట్ చేయలేదు. అంటే నడుస్తున్నది పాత కెర్నెలే. ఆ రాత్రే రీబూట్ చేశాం, కాస్త టెన్షన్ పడుతూ. ఇకపై ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ పని కార్యదర్శిదే, అంటే నాదే.

లెక్కలు కోశాధికారి గారు విడిగా పంపుతారు. చందా బాకీ ఉన్నవాళ్లు దయచేసి చూసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి