మీ ఎడిటర్ నా పాస్‌వర్డ్‌ను మార్చి పంపుతోంది

అమీర్‌పేట, హైదరాబాద్

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: వెబ్‌సైట్ ఫైళ్లను దిద్దే మీ ఎడిటర్ ప్రోగ్రాంలోని ఎఫ్‌టీపీ (ఫైళ్లను సర్వర్‌కు పంపే పద్ధతి) విభాగం నుంచి లాగిన్ కాలేకపోవడంపై ఫిర్యాదు.

ఆర్యా,

చిన్న వ్యాపారుల వెబ్‌సైట్లను చూసుకోవడం నా జీవనాధారం. ఫైలును ఎడిటర్‌లోనే తెరిచి, దిద్ది, సేవ్ చేయగానే అది సర్వర్‌కు చేరుతుందన్న సౌకర్యం కోసమే మూడేళ్లుగా మీకు ఏటా రుసుము చెల్లిస్తున్నాను. శ్రావణ మాసం ముహూర్తాలు మొదలయ్యేలోగా సైటులో ధరల పట్టిక మార్చాలని ఛత్తాబజార్‌లోని ఒక శుభలేఖల దుకాణం వారు కోరారు. వారి ఖాతాకు అప్పుడే పెట్టిన కొత్త పాస్‌వర్డ్‌ను మీ ఎడిటర్‌లో నమోదు చేస్తే, ఎన్నిసార్లు ప్రయత్నించినా ‘పాస్‌వర్డ్ తప్పు’ అనే వచ్చింది. అవే వివరాలతో ఫైల్‌జిల్లా అనే మరో ఎఫ్‌టీపీ ప్రోగ్రాం మొదటిసారే లాగిన్ అయింది.

మీ సిబ్బందికి మూడుసార్లు రాశాను. పాస్‌వర్డ్‌ను జాగ్రత్తగా టైప్ చేయమని మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది. నేను చెప్పినదాన్ని ఎవరైనా ఒక్కసారి చదివారా అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

చివరకు నా ల్యాప్‌టాప్‌లోనే ఒక ఎఫ్‌టీపీ సర్వర్‌ను నడిపి, పరీక్ష కోసం ఒక ఖాతా తెరిచి, మీ ఎడిటర్ ఏమి పంపుతోందో, నెట్‌వర్క్‌లో వెళ్లే సమాచారాన్ని చూపే వైర్‌షార్క్ అనే ప్రోగ్రాంలో చూశాను. మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ ఏ మరుగూ లేకుండా వెళ్తుంది కనుక ప్రతి అక్షరమూ కనిపించింది. యూజర్ పేరు సరిగానే వెళ్లింది, సర్వర్ 331 అనే జవాబు సంకేతంతో పాస్‌వర్డ్ అడిగింది. నేను ఇచ్చిన పాస్‌వర్డ్‌లో %37 అని ఉన్నచోట మీ ఎడిటర్ 7 అన్న ఒక్క అంకెను పంపింది, వెంటనే లాగిన్ కుదరలేదని చెప్పే 530 వచ్చింది. శాతం గుర్తుకు బదులు %25 అని టైప్ చేసి, అంటే %2537 అని ఇచ్చి చూస్తే, 230 వచ్చి లాగిన్ అయింది.

అంటే పాస్‌వర్డ్ గడిలో రాసినదాన్ని మీ ప్రోగ్రాం వెబ్ చిరునామాలో భాగంగా భావించి డీకోడ్ చేస్తోంది, అంటే సంకేతాన్ని అసలు అక్షరంగా మారుస్తోంది. వెబ్ చిరునామాల్లో శాతం గుర్తు, దాని తర్వాతి రెండు గుర్తులు కలిసి ఒక అక్షరానికి సంకేతం: %37 అంటే 7, %25 అంటే శాతం గుర్తు. చిరునామాల రూపాన్ని నిర్దేశించే 2005 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3986 కూడా ఒకే పాఠాన్ని ఒకసారికి మించి డీకోడ్ చేయకూడదనే చెబుతుంది. నేను టైప్ చేసినది అసలు ఎన్‌కోడ్ చేసినదే కాదు, దానిని ఒక్కసారైనా డీకోడ్ చేయవలసిన అవసరం లేదు.

దీనికి తోడు, ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ మీ ఎడిటర్ నన్ను అడగకుండానే అదే తప్పు పాస్‌వర్డ్‌తో మళ్లీ ప్రయత్నించడం వల్ల హోస్టింగ్ సర్వర్ నా ఐపీ చిరునామాను అడ్డుకుంది, ఆ సాయంత్రమంతా ఫైల్‌జిల్లా నుంచి కూడా నాకు దారి లేకుండా పోయింది. దుకాణదారు మాత్రం పాత ధర చూసి వచ్చినవారికి నచ్చచెబుతూ కూర్చున్నారు. ఆ మాట ఆయన నాతో ఫోన్‌లో అన్నప్పుడు నా దగ్గర సమాధానం లేదు.

కాబట్టి పాస్‌వర్డ్‌ను ఉన్నది ఉన్నట్టుగా పంపేలా సరిచేయాలని, 530 వచ్చిన వెంటనే ప్రయత్నాలు ఆపి నన్ను అడిగేలా చేయాలని, సర్వర్‌తో జరిగిన సంభాషణను పాస్‌వర్డ్ మినహా మొత్తం చూపే లాగ్‌ను ఎడిటర్‌లోనే ఇవ్వాలని కోరుతున్నాను. ఆ లాగ్ ఉంటే నేను మూడు రోజులు వృథా చేసేవాడిని కాను. పరీక్షలో నమోదైన వివరాలను ఈ లేఖతో జతచేశాను. 15 రోజుల్లో సవరణ తేదీ తెలియజేయలేకపోతే ఈ ఏడాది రుసుము వాపసు ఇవ్వగలరు.

భవదీయుడు,
మీ ఎడిటర్ వినియోగదారుడు