మాత్రలు తమ్ముడికి, బీపీ నాకు

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక వ్యాధి వచ్చి 14 ఏళ్లు. అమ్మ పోయాక వాడి బాధ్యత నాదే. రాత్రిళ్లు వాడు నిద్రపోడు, కాబట్టి నేనూ పోను. గొళ్లెం చప్పుడైతే చాలు, గుండె దడదడలాడుతుంది. 46 ఏళ్లకే బీపీ, షుగర్ రెండూ వచ్చాయి. నడుం నొప్పి సంగతి సరేసరి. (మా ఆయన "నువ్వు మరీ ఆలోచిస్తావ్" అంటారు. ఆలోచించే టైమెక్కడిది?)

నెలకోసారి మందుల కోసం ఆసుపత్రికి వెళ్తాం. వాడు తింటున్నాడా, మాత్రలు మింగుతున్నాడా అని అడుగుతారు. పక్కనే కూర్చున్న నన్ను ఎలా ఉన్నావని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. పోయినసారి అక్కడే కళ్లు తిరిగితే, వేరే ఓపీ చీటీ రాయించుకోమన్నారు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కి (14416) ఒకసారి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విన్నది, మనసు తేలికపడింది. కానీ ఫోన్లో బీపీ చూడలేరు కదా!

2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధినీ వైకల్యంగా గుర్తించింది. ఎక్కువ సాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి 24వ సెక్షన్‌లో ఉంది. మా ఇంటికైతే అది రాలేదు. దాని సంగతి తేల్చండి. మందులిచ్చే రోజే మాకూ బీపీ, షుగర్ చూడమనండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఏడాదికి పది రోజులు వాణ్ని నమ్మకంగా ఉంచే చోటు జిల్లాకొకటి చూపించండి. ఎవరి దగ్గర వదలాలో తెలియక నా గర్భసంచి ఆపరేషన్ రెండేళ్లుగా వాయిదా వేస్తున్నాను.

ఇట్లు,
ఒక అక్క