సీసం సోకిన పసి మెదళ్ల కోసం బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య పరిశోధన విభాగాధిపతి గారికి,

నమస్కారములు. నేను పంపిన రెండు వినతిపత్రాలకూ సమాధానం రానందున ఈ లేఖను పదిమంది ఎదుట ఉంచుతున్నాను.

నా కుమారుడి రక్తంలో సీసం ఉన్నట్లు తేలింది. నిన్న దిద్దిన అక్షరం దగ్గరే ఈ రోజు వాడి పెన్సిల్ ఆగిపోతుంది; తలెత్తి నా ముఖంలోకి చూస్తాడు. సీసం కాల్షియం దారిలోనే మెదడులోకి చొరబడి, ఆక్సీకరణ ఒత్తిడిని, అంటే కణాలకు హాని చేసే చురుకైన ఆక్సిజన్ అణువుల పోగును, పెంచి నాడీకణాలను దెబ్బతీస్తుందని, దానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోందని తమకు తెలియనిది కాదు. డెసిలీటరు రక్తంలో సీసం 45 మైక్రోగ్రాములకు చేరితే దాన్ని బయటకు పంపే కీలేషన్ మందులు ఇస్తారు. అంతకంటే తక్కువ ఉన్న మా వంటివారికి దక్కేది ఆహార నియమాలు, జాగ్రత్తలు, ఎదురుచూపు మాత్రమే.

పసుపులోని కర్కుమిన్, వెల్లుల్లి సారం ఎలుకల మెదడులో సీసం చేసే ఈ నష్టాన్ని తగ్గించినట్లు పలు ప్రయోగాలు చూపాయి. అయితే నోటి ద్వారా తీసుకున్న కర్కుమిన్‌లో రక్తంలోకి చేరేది బహు స్వల్పం. ఎలుకకు మేలు చేసినది బిడ్డకూ చేస్తుందని చెప్పగల ఆధారం ఇంకా లేదు. ఈ సందిగ్ధం నడుమే మూలికా గుళికలు అమ్ముడవుతున్నాయి. అటువంటి కొన్ని ఉత్పత్తులలో సీసమే బయటపడిన ఉదంతాలూ ఉన్నాయి, ఒక తల్లిగా నన్ను ఎక్కువగా భయపెడుతున్నది అదే.

కాబట్టి ఈ సారాలపై మనుషులలో నియంత్రిత క్లినికల్ పరీక్షలకు నిధులు కేటాయించాలని, ప్రతి మూలికా ఉత్పత్తికీ సీసం వంటి భారలోహాల పరీక్షను తప్పనిసరి చేయాలని, ఈ లేఖకు 30 రోజులలోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి