స్టంటు ఉచితం, మాత్రలు మా ఖర్చు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను ఒంగోలులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. పుట్టిల్లు చీరాల. మా నాన్న మగ్గం నేసేవారు. నూలు లెక్క, కూలి లెక్క రాసుకునే పొడుగు పద్దు పుస్తకంలోనే ఇంటి ఖర్చులు కూడా రాసుకోవడం ఆయనకు అలవాటు. ఈ మధ్య ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తీరిగ్గా తిరగేశాను. ఈ ఉత్తరం అందులోంచి పుట్టిందే.

2021 ఫిబ్రవరిలో ఆయనకు గుండెలో స్టంటు వేశారు. ఆ నెల పేజీలో ఈసీజీ, ఎకో, రక్త పరీక్షలు, ఇద్దరు డాక్టర్ల ఫీజు, గుంటూరుకి కారు అన్నీ కలిపి 11,350 అని ఉంది. దాని కింద ఒక గీత. గీత కింద "ఆపరేషన్ 0". ఆ సున్నా మిగతా అంకెల కంటే కాస్త పెద్దగా రాశారు.

ఆ సున్నా విలువ నాకు తెలుసు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలవకముందు మా వీధిలో గుండె జబ్బు వస్తే మగ్గంతో సహా అమ్ముకోవాల్సిందే. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. మావాళ్ళు మాత్రం ఇంకా ఆరోగ్యశ్రీ కార్డు అనే అంటారు, ఏమీ అనుకోకండి. ఈ కార్డు లేకపోతే ఈరోజు మా నాన్న లేరు. కింద రాసేది చదివేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోమని మనవి.

మొదటి ఏడాది ఫాలోఅప్ మందులు కార్డు కిందే ఇచ్చారు. 2022 ఫిబ్రవరి తర్వాత అది అయిపోయింది. గుండెకు, బీపీకి, షుగర్‌కి కలిపి రోజూ ఐదు రకాల మాత్రలు. అందులో రెండు దగ్గర్లోని గవర్నమెంటాసుపత్రిలో దొరికేవి. అవి కూడా స్టాకు ఉన్నప్పుడే. మిగతావి మందుల షాపులో కొనాలి. నెలకు సుమారు 2,100. నేత పనివాడికి ఇప్పుడు వచ్చే పింఛను 4,000 అని మీకు చెప్పక్కర్లేదు.

2022 మార్చి నుంచి మూడేళ్ళ పద్దు కూడి చూశాను. మందుల కింద 65,320 తేలింది. నెలకు 2,100 చొప్పున 36 నెలలకు 75,600 రావాలి కదా, కూడికలో తప్పు చేశానేమో అని మళ్ళీ మొదటి నుంచి చూశాను. కూడిక సరిగ్గానే ఉంది. ఐదు నెలల్లో మందుల పద్దే లేదు. 2023 ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు వరసగా ఖాళీ. వానలకు మగ్గం గుంటలోకి నీళ్ళు వచ్చి పని ఆగిపోయిన నెలలవి. నేను ఫోన్ చేసి అడిగినప్పుడల్లా "అన్నీ ఉన్నాయమ్మా" అనేవారు. పిల్లలకు డిమాండు, సప్లయి పాఠం చెప్పే నాకు సొంత ఇంట్లో ఏ సరుకు తగ్గిందో తెలియలేదు.

2023 నవంబరులో ఆయాసంతో మళ్ళీ ఆస్పత్రిలో చేర్చాం. డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "మాత్రలు ఆపేశారా?" అని. ఐసీయూలో నాలుగు రోజులు, వార్డులో మూడు రోజులు. ఆ నెల పేజీలో మళ్ళీ అదే: "ఆస్పత్రి 0".

మంత్రి గారూ, ఆ రెండో సున్నా దగ్గరే నా అభ్యంతరమంతా. మూడు నెలల మాత్రలకు ఆరు వేల చిల్లర అవుతుంది. దానికి మీ దగ్గర పద్దు లేదు. అవి మానేసినందుకు వచ్చే ఐసీయూ బిల్లు ఎన్ని వేలైనా కట్టడానికి మాత్రం ప్యాకేజీ ఉంది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. ఆరోగ్యశ్రీ మొదటి దశ మీద విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. ఆస్పత్రిలో చేరినప్పుడు జనం జేబులోంచి పెట్టే ఖర్చు బాగా తగ్గిందని తేల్చారు. చేరకుండా చేయించుకునే వైద్యం ఖర్చు మాత్రం అంతగా తగ్గలేదు. వైద్యం వల్ల ఇల్లు గుల్లవడం, పేదరికంలోకి జారడం తగ్గిందని గట్టిగా చెప్పే ఆధారం దొరకలేదు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు మిగతావాళ్ళంత మేలు జరగలేదని కూడా రాశారు. దేశం మొత్తం మీద చూస్తే మొత్తం వైద్య ఖర్చులో జనం జేబు ఖర్చు వాటా 2013-14లో 64.2 శాతం ఉండేది, 2021-22కి 39.4 శాతానికి దిగిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. సంతోషమే. కానీ ఆ మిగిలినదాంట్లో పెద్ద ముద్ద మందుల షాపుకే పోతోంది.

ఎందుకిలా? బీమా అనేదే అనుకోని పెద్ద దెబ్బ కోసం పుట్టింది. కొట్టం తగలబడుతుందో లేదో తెలియదు కాబట్టి పదిమందీ తలా ఇంత వేసుకుంటారు. రేపు పొద్దున పొయ్యిలోకి కావాల్సిన పుల్లలకు ఎవరైనా బీమా చేస్తారా? బీపీ మాత్ర పొయ్యి పుల్లలాంటిది. రేపూ కావాలి, ఎల్లుండీ కావాలి. దానికి పరిమితి 5 లక్షలా 25 లక్షలా అన్న లెక్కతో పని లేదు. కావాల్సింది సరఫరా.

ఉచితంగా ఇస్తే జనం అవసరం లేకపోయినా వాడేస్తారన్న వాదన మీ ఫైళ్ళలో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. అది పూర్తిగా తప్పని నేను అనను. 1974 నుంచి 1982 దాకా అమెరికాలో రాండ్ సంస్థ, జోసెఫ్ న్యూహౌస్ ఆధ్వర్యంలో, కుటుంబాలను లాటరీ పద్ధతిలో రకరకాల బీమాల కింద ఉంచి చూసింది. కొందరికి వైద్యం పూర్తిగా ఉచితం, మిగతావాళ్ళు ఖర్చులో కొంత భాగం పెట్టుకోవాలి. ఉచితంగా దొరికినవాళ్ళు ఎక్కువ వాడిన మాట నిజమే. జేబులోంచి పెట్టుకోవాల్సి వచ్చినవాళ్ళు తగ్గించుకున్నారు, కానీ అనవసరమైనదే తగ్గించుకోలేదు, అవసరమైనదీ అంతే తగ్గించుకున్నారు. ఏది అవసరమో రోగికి ఎలా తెలుస్తుంది? సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా కనిపించలేదు. తేడా కనిపించిన కొద్ది చోట్లలో ఒకటి బీపీ ఉన్న పేదవాళ్ళు. వైద్యం ఉచితమైతే వాళ్ళ బీపీ అదుపులోకి వచ్చింది. మా నాన్న సరిగ్గా ఆ వరసలో మనిషే.

ఇక కొత్త విధానం. 2025 సెప్టెంబరులో క్యాబినెట్ ఆమోదించిన యూనివర్సల్ హెల్త్ పాలసీ ప్రకారం 1.63 కోట్ల కుటుంబాలకు 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, పేదలకు ఆపైన 25 లక్షల దాకా వైద్య సేవ పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు చూసుకుంటాయి. 3,257 చికిత్సల జాబితా ఉంది. దారిద్ర్యరేఖకు పైనున్న (ఏపీఎల్) కుటుంబాలను కూడా చేర్చడం మంచి పని. అయితే బీమా కంపెనీ మనకు కొత్త చుట్టం కాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది కంపెనీతోనే, తర్వాతే మొత్తం ట్రస్టు చేతికి వచ్చింది. ఇప్పుడు సగం దూరం వెనక్కి వెళ్తున్నాం. వెళ్ళకూడదని కాదు. కంపెనీకి కొర్రీ పెడితే లాభం, ట్రస్టుకి ఆలస్యం చేస్తే లాభం. రెండింటిలోనూ మధ్యలో స్ట్రెచర్ మీద ఉండేది రోగి. బకాయిల కోసం 2025 అక్టోబరులో కార్డు మీద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేసినప్పుడు చూశాం కదా, ఆలస్యం ఎవరి నెత్తిన పడుతుందో. కాబట్టి కంపెనీలతో రాసుకునే ఒప్పందంలో ఒక షరతు పెట్టించండి. ప్రతి నెలా, జిల్లాలవారీగా, ఎంత ప్రీమియం కట్టాం, ఎంత క్లెయిము చెల్లించారు, ఎన్ని తిరస్కరించారు, ఏ కారణంతో అన్నది అందరికీ కనిపించేలా తెలుగులో పెట్టాలి. ట్రస్టు బకాయిలు కూడా అదే పేజీలో ఉండాలి. ఆస్పత్రిలో కార్డు పనులు చూసే ఆరోగ్య మిత్ర దగ్గర నిలబడి "ఇంకా అప్రూవల్ రాలేదమ్మా" అన్న మాట వినే టెన్షన్ ఏమిటో నాకు తెలుసు.

అసలు అడగాలనుకున్నది మాత్రం మాత్రలే. మనకు దారులు లేవా అంటే ఉన్నాయి. 104 బండి ఊళ్ళోకి వస్తుంది. 2023లో మొదలుపెట్టిన ఫ్యామిలీ డాక్టరు ఏర్పాటుతో డాక్టరు కూడా ఊరికి రావడం జనానికి అలవాటైంది. ఆశా కార్యకర్తకు ఏ ఇంట్లో ఎవరికి షుగరో నోటికి వచ్చు. తమిళనాడు 1994లోనే మందుల కొనుగోలుకు కార్పొరేషన్ పెట్టుకుంది. ఒక్కో ఆస్పత్రికి ఒక్కో పాస్‌బుక్ ఇచ్చి, ఎవరు ఎంత మందు తీసుకున్నారో అందులో రాసుకుంటూ వస్తోంది. మా నాన్న పద్దు పుస్తకం లాంటిదే అనుకోండి. 2021 ఆగస్టు నుంచి బీపీ, షుగర్ మాత్రలు గుమ్మం దగ్గరికే పంపుతోంది. రాజస్థాన్ 2011 అక్టోబరు 2 నుంచి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచిత మందుల పథకం నడుపుతోంది. ఇవేవీ బీమా పథకాలు కావు. టోకున చవగ్గా కొని, చివరి గుమ్మం దాకా చేర్చే పనులు.

స్టంటు వేసుకున్నవాళ్ళు, పక్షవాతం వచ్చి లేచినవాళ్ళు, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళ పేర్లన్నీ మీ ట్రస్టు కంప్యూటర్లలో ఆధార్‌తో సహా ఉన్నాయి. కొత్తగా సర్వే ఏమీ అక్కర్లేదు. ఫాలోఅప్ ఏడాదితో ఆపకుండా, ఆ మందులు బతికున్నంత కాలం సొంత ఊరి హెల్త్ క్లినిక్‌లోనే, ఒకేసారి మూడు నెలలకు సరిపడా ఇప్పించండి. ఆస్పత్రిలో చేరకముందు చేయించే పరీక్షల ఖర్చు సంగతి కూడా రాయాలి. 11,350 చేతిలో లేక గుంటూరు దాకా రాలేకపోయినవాళ్ళు మీ సున్నాల లెక్కలోకి ఎప్పటికీ రారు. మొదట ఈ మాత్రల పని ఒక్క జిల్లాలో చేసి చూడండి. అక్కడ రెండోసారి ఐసీయూలో చేరేవాళ్ళు ఎంత తగ్గారో ఏడాది తర్వాత మీ ట్రస్టు లెక్కలే చెబుతాయి. ఆ లెక్క మాకు కూడా చూపించండి.

పద్దు పుస్తకంలోని నాలుగు పేజీల జిరాక్సు ఈ లేఖకు జతపరుస్తున్నాను. నాన్న ఒప్పుకున్నారు, ఊరి కొట్టు బాకీలు రాసిన చోట మాత్రం కాగితం అతికించి తీయమన్నారు. మూడో పేజీలో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఖాళీగా ఉంది. జిరాక్సు సరిగ్గా పడలేదనుకోవద్దు.

ఇట్లు,
ఒక ఎకనామిక్స్ లెక్చరర్,
ఒంగోలు