మందు ఎక్కడ ఇరుక్కుందో ముందు చూడు

బ్రాడీపేట, గుంటూరు

ఒరేయ్ శీనూ,

స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియాలో, అది చేసే యాంటీబయాటిక్‌ని బయటికి తోసే పంపు జీన్‌కి ఇంకో కాపీ పెడితే దిగుబడి పెరుగుతుందా అని అడిగావు కదా. పెరగొచ్చు, కానీ ఆ మందు నిజంగా కణం లోపల ఇరుక్కుంటేనే. ముందు అది తేల్చుకో.

నీకు తగిలే పంపులు ఎక్కువగా రెండు రకాలు. ఏబీసీ రకం కణానికి ఇంధనమైన ఏటీపీ ఖర్చుపెట్టి తోస్తుంది. డాక్సోరూబిసిన్ చేసే స్ట్రెప్టోమైసిస్ ప్యూసీషియస్‌లో డీఆర్‌ఆర్‌ఏ అనే ప్రోటీన్ ఏటీపీని పట్టుకుంటుంది, దాని జోడీ డీఆర్‌ఆర్‌బీ కణం పొరలో ఉంటుంది. జీన్ ఎక్కించేటప్పుడు రెండూ ఎక్కించాలి, ఒక్కదానితో పంపు తయారవదు. ఎంఎఫ్‌ఎస్ రకం పొరకి అటూ ఇటూ ఉండే ప్రోటాన్ల తేడాతో నడుస్తుంది. అలాగని ఏబీసీ పేరున్నదల్లా పంపు కాదురోయ్! టైలోసిన్ చేసే స్ట్రెప్టోమైసిస్ ఫ్రేడియేలో టీఎల్‌ఆర్‌సీ అనే ఏబీసీ ప్రోటీన్‌కి పొర దాటే భాగమే లేదు. ఆ కుటుంబం ప్రోటీన్లు ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ని మందు నుంచి కాపాడతాయి. సీక్వెన్స్‌లో పొర దాటే హెలిక్స్‌లు ఉన్నాయో లేదో చూడకుండా ప్లాస్మిడ్ (జీన్ ఎక్కించే డీఎన్‌ఏ వలయం) కట్టకు.

నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ ఏర్పాటు. అది చేసే నీలం మందు యాక్టినోరోడిన్. దాని పంపు జీన్ మీద యాక్ట్‌ఆర్ అనే ప్రోటీన్ కూర్చుని ఆపుతూ ఉంటుంది. యాక్టినోరోడిన్ ఒక్కటే కాదు, అది పూర్తికాక ముందు వచ్చే మధ్య పదార్థాలు కూడా యాక్ట్‌ఆర్‌ని లేపేస్తాయి. అంటే విషం సిద్ధమయ్యేలోపే తలుపు సిద్ధం! నువ్వు ఆ పంపుని ఎర్మ్‌ఈ స్టార్ లాంటి బలమైన ప్రమోటర్ (జీన్‌ని ఆన్ చేసే డీఎన్‌ఏ ముక్క) కింద పెడితే ఈ వరస పోతుంది. మందు మొదలవకముందే పొరంతా పంపులతో నిండి పెరుగుదల మందగించవచ్చు. సొంత ప్రమోటర్‌తో ఒక్క కాపీ చాలు, మొదట అదే చెయ్యి.

పంపు తీసేస్తే మందు లోపల పేరుకుంటుందనే అనుకుంటాం. కానీ యాక్టినోరోడిన్ పంపు జీన్లైన యాక్ట్‌ఏబీ తీసేసినప్పుడు మొత్తం దిగుబడే తగ్గింది. సీజన్లో మన మిర్చి యార్డు నుంచి లారీలు కదలకపోతే కొత్త బస్తా లోపలికి రాదు చూడు, అలా. అవర్మెక్టిన్ అనే పరాన్నజీవుల మందులో ఇదే మాట తిరగేసి కనిపించింది: ఏవీటీఏబీ పంపుని పెంచితే ఫ్యాక్టరీ స్ట్రెయిన్‌లో లీటరుకి 3.3 గ్రాములున్నది 4.8 అయింది.

ఇక మందు లోపల ఎంత, బయట ఎంత అన్న కొలత. 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 50 మిల్లీలీటర్ల మీడియం, అడుగున స్టెయిన్‌లెస్ స్టీల్ స్ప్రింగ్. స్ప్రింగ్ లేకపోతే ముద్దలు కట్టి ఏ రెండు ఫ్లాస్కులూ కలవవు. 30 డిగ్రీలు, 200 ఆర్‌పీఎం. హీటర్ మాత్రమే ఉన్న షేకర్ ఎండాకాలం ఇక్కడ పనికిరాదు, గదే 40 దాటితే అది 30కి ఎలా దించుతుంది? కూలింగ్ ఉన్నదే కావాలి. 48, 72, 96, 120 గంటలకి ఒక్కో మిల్లీలీటరు తీసి సెంట్రిఫ్యూజ్ చెయ్యి. పైనీళ్లు ఒక ట్యూబులో, అడుగున దిగిన కణాల ముద్దని కడిగి ఇంకో ట్యూబులో. యాక్టినోరోడిన్ అయితే రెంటికీ 1 నార్మల్ అయ్యేలా కేఓహెచ్ కలిపి, మళ్లీ తిప్పి, 640 నానోమీటర్ల దగ్గర చదువు. వేరే మందైతే ముద్దని మెథనాల్‌తో తీసి హెచ్‌పీఎల్‌సీ (పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం)లో చూడు. అంకెలన్నీ పొడి బరువుతో భాగించు.

మోసం రెండు చోట్ల జరుగుతుంది. 120 గంటలకి కణాలు పగిలితే మందు దానంతటదే బయటపడుతుంది, పంపు గొప్పతనం కాదది. పైనీళ్లలో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ కొలువు. కణం లోపలి ఆ ఎంజైమ్ బయట కనిపిస్తే పగిలినట్టే. రెండోది, నీళ్లలో కరగని మందు బయటికొచ్చి గడ్డకట్టి ముద్దతోపాటే కిందికి దిగుతుంది. మైక్రోస్కోపులో చూడందే దాన్ని లోపలి లెక్కలో వెయ్యకు.

సీసీసీపీ అనే రసాయనం వేసి పంపు ఆపి చూస్తానన్నావు, వద్దు. అది ప్రోటాన్ల తేడాని కూల్చేస్తుంది, దాంతో ఏటీపీ కూడా పడిపోతుంది. రెండు రకాల పంపులూ నీరసిస్తాయి, ఏది ఆగిందో తేలదు. జీన్ తీసి చూడటమే సరైన దారి. జీన్ తీసిన కాలనీలు ఎంతకీ రాకపోతే ముందు మందు తయారీ జీన్లు ఆపేసి, తర్వాత పంపు జీన్ తియ్యి. లేదంటే అది తన మందుకి తనే చచ్చిపోతూ ఉండొచ్చు.

72, 96 గంటల లోపలి, బయటి అంకెలు రాగానే నాకు రాసి పంపించు. ఏ ప్రమోటర్ వాడాలో అవి చూశాక మాట్లాడుకుందాం.

నీ
రఘు